అమిష్ పేస్ట్ టమాటా విత్తనాలు: హైదరాబాద్ మిద్దెతోటలో పండించి, గింజ తీసి చూశాక

విత్తనాల ప్యాకెట్ మంచిదా కాదా అని చెప్పడానికి మనం సాధారణంగా రెండు విషయాలే చూస్తాం: ఎన్ని గింజలు మొలిచాయి, ఎన్ని కాయలు కాశాయి. హెయిర్‌లూమ్, అంటే తరతరాలుగా గింజ దాచుకుంటూ వచ్చిన పాత రకం, అనే పేరుతో, మామూలు విత్తనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు అమ్మే ప్యాకెట్‌కు ఈ రెండు కొలతలూ చాలవు. ఆ మొక్కకు పండిన పండులోంచి మనం తీసుకున్న గింజ మరుసటి ఏడాది మళ్లీ అదే పండును ఇస్తుందా అన్నది మూడో ప్రశ్న. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అదే, ఎందుకంటే మనం ఆ అదనపు డబ్బు పెట్టేది ఆ నమ్మకానికే. నగరంలో మిద్దెతోట సామగ్రి అమ్మే ఒక చిన్న దుకాణంలో కొన్న అమిష్ పేస్ట్, బ్రాండీవైన్ అనే రెండు అమెరికా రకాలను మల్కాజిగిరిలోని మా మిద్దెమీద పండించి, వాటి గింజ దాచి, ఆ గింజతో మళ్లీ పంట తీసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. అమిష్ పేస్ట్ కొనదగిన రకం. బ్రాండీవైన్ ఎంత పేరున్న రకమైనా మన ఊరి ఎండకు తగినది కాదు.

అమిష్ వారు అమెరికాలో స్థిరపడిన ఒక క్రైస్తవ సమాజం. 1693 ప్రాంతంలో స్విట్జర్లాండ్, అల్సాస్ ప్రాంతాల అనాబాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖవారిలో యాకోబ్ అమ్మాన్ అనే మత పెద్ద మరింత కఠినమైన కట్టుబాటు కోరుతూ వేరుపడ్డాడు. ఆయన వెంట నడిచినవారికి ఆయన పేరే నిలిచింది. పద్దెనిమిదో శతాబ్దంలో వారు పెన్సిల్వేనియాకు వలస వచ్చారు. ఆ రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీ, ఒహాయో రాష్ట్రంలోని హోమ్స్ కౌంటీ ఇప్పటికీ వారి పెద్ద స్థావరాలు. పాత కట్టుబాటు పాటించే కుటుంబాలు ఇంటికి కరెంటు తీగ తీసుకోవు, గుర్రపు బగ్గీల్లో తిరుగుతాయి, ఇంటి పక్కన పెద్ద కూరగాయల పెరడు పెంచుతాయి. మంచు కురిసే నెలల్లో టమాటా పండదు కనుక, వేసవిలో పండినదాన్నంతా ఉడికించి గాజు సీసాల్లో నింపి, గాలి చొరకుండా మూత బిగించి, ఏడాది పొడవునా వాడుకుంటారు. నీరు ఎక్కువగా ఉన్న కాయతో ఈ పని చేయాలంటే పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడాలి. గుజ్జు ఎక్కువ, గింజ తక్కువ ఉన్న కాయకు వారి పెరళ్లలో విలువ ఉండటానికి కారణం ఇదే. నిల్వ పచ్చడి కోసం, ఒరుగుల కోసం కండగల కాయను ఏరుకునే మన ఇళ్ల ఆడవాళ్లకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

అయితే అమిష్ రైతులందరూ తాతల నాటి గింజనే పట్టుకుని ఉన్నారని అనుకోకూడదు. కూరగాయల వేలం కేంద్రాలకు సరుకు పంపే అమిష్ రైతులు చాలామంది అందరిలాగే హైబ్రిడ్ విత్తనాలు కొంటారు, ప్లాస్టిక్ గుడారాల కింద టమాటా పండిస్తారు. పాత రకాలు నిలిచింది ఎక్కువగా ఇంటి పెరళ్లలో, ఇంటి వంటకు పెంచే మొక్కల్లో. ప్యాకెట్ మీద గుర్రపు బగ్గీ బొమ్మ వేసి అమ్మేవారు ఈ తేడా చెప్పరు. కొనేవారు తెలుసుకుని ఉండటం మంచిది.

ఈ రకాలు అమిష్ పెరడు దాటి బయటి ప్రపంచానికి చేరడంలో పెద్ద పాత్ర వహించినది అయోవా రాష్ట్రంలోని డెకోరాలో ఉన్న సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్. 1975లో డయాన్ ఆట్ వీలీ, కెంట్ వీలీ దంపతులు దాన్ని ప్రారంభించారు. డయాన్ తాతగారు తన కుటుంబం బవేరియా నుంచి తెచ్చుకున్న జర్మన్ పింక్ టమాటా గింజలను, ఒక పూలతీగ గింజలను ఆమె చేతికి ఇవ్వడమే దానికి నాంది. ఆ సంస్థ సభ్యులు తమ దగ్గరున్న విత్తనాలను ఏటా ఒక జాబితాలో ప్రకటించి ఒకరికొకరు పంచుకుంటారు. అమిష్ పేస్ట్ 1987 నాటి జాబితాలో చోటు చేసుకుంది. దాన్ని ప్రకటించిన సభ్యుడు విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందినవారు. కనుమరుగయ్యే ప్రమాదమున్న ఆహారపంటల పేర్లను నమోదు చేసే స్లో ఫుడ్ ఉద్యమపు 'ఆర్క్ ఆఫ్ టేస్ట్' పట్టికలో కూడా ఈ రకం ఉంది. బ్రాండీవైన్ కథ వేరు. దాన్ని అమిష్ రకమని అమ్మకందారులు తరచు రాస్తారు. కాగితం మీద నిలిచిన చరిత్ర మాత్రం ఇంతే: ఒహాయోకు చెందిన బెన్ క్విజెన్‌బెరీ అనే విత్తన ప్రేమికుడు 1982లో ఆ గింజలను సీడ్ సేవర్స్‌కు అందించాడు, ఆయనకు అవి డోరిస్ సడత్ హిల్ అనే ఆమె దగ్గర దొరికాయి, ఆమె కుటుంబం ఎనభై ఏళ్లకు పైగా ఆ టమాటాను పెంచుకుంటూ వచ్చింది. ఈ వరుసలో అమిష్ వారి పేరు ఎక్కడా లేదు. నేను కొన్న ప్యాకెట్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో ఉంది.

ప్యాకెట్ విషయంలో నా ప్రధానమైన అసంతృప్తి కూడా ఇదే. దాని మీద బొమ్మ అందంగా ఉంది, కథ ఉంది, కానీ గింజను ఏ సంవత్సరం తీశారో లేదు, మొలక పరీక్ష చేసిన తేదీ లేదు, ఎక్కడ పండించారో లేదు. మన దేశపు విత్తన ధృవీకరణ ప్రమాణాల ప్రకారం టమాటా విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలి. ధృవీకరణ పరిధిలోకి రాని ఇలాంటి రకాలకు కూడా అమ్మకందారు తనంతట తాను ఆ అంకె రాయడం మర్యాద. అడిగితే దుకాణదారు ఓపికగానే సమాధానం చెప్పారు: గింజ విదేశం నుంచి నేరుగా వచ్చినది కాదు, దక్షిణాదిలో ఒక రైతు పండించి తీసినది అన్నారు. ఆ మాట నాకు ఊరట కలిగించింది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనం తెప్పించుకోవాలంటే దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధృవపత్రం రెండూ ఉండాలి. విదేశీ అమ్మకందారులకు ఆర్డర్ పెట్టి టపాలో కవరు తెప్పించుకోవడాన్ని కొందరు మిత్రులు చిన్న విషయంగా చూస్తున్నారు. గత దశాబ్దంలో ఇజ్రాయెల్, జోర్డాన్ దేశాల్లో మొదట బయటపడి ఎన్నో దేశాలకు పాకిన టమాటా బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరస్ గింజ వెంట ప్రయాణించగలదు. మిద్దెమీది నాలుగు మొక్కలు పోతే మనకు బాధ మాత్రమే కలుగుతుంది, కానీ మదనపల్లె వైపో చేవెళ్ల వైపో అది చేరితే రైతుకు బతుకే పోతుంది. కాబట్టి ఇక్కడే పండించి తీసిన గింజనే అడిగి కొనాలని గట్టిగా చెబుతాను.

మొలక బాగుంది. కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపిన ట్రేలో వేసిన గింజల్లో అధిక భాగం వారం లోపలే మొలిచాయి. నారు దశలోనే బ్రాండీవైన్ ప్యాకెట్ లోపం ఒకటి బయటపడింది, అదెలా తెలిసిందో వివరంగా చెప్పాలి. బ్రాండీవైన్ ఆకు మామూలు టమాటా ఆకులా అంచు చీలి ఉండదు. బంగాళదుంప ఆకులా వెడల్పుగా, అంచు నున్నగా ఉంటుంది. ఈ లక్షణం జన్యుపరంగా అణగి ఉండే రకం, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితేనే ఆకులో కనిపిస్తుంది. విత్తనం తీసిన తోటలో వేరే టమాటా పుప్పొడి గనక ఆ పువ్వుపై పడి ఉంటే, ఆ గింజ నుంచి వచ్చిన నారు చీలిన ఆకుతో పుడుతుంది. మూడో ఆకు, నాలుగో ఆకు వచ్చేసరికి మన కంటికే తెలిసిపోతుంది, ఏ ప్రయోగశాలా అవసరం లేదు. మా ట్రేలో కొన్ని మొక్కలకు చీలిన ఆకులు వచ్చాయి. అంటే విత్తనం తీసిన చోట రకాలను తగినంత ఎడం పెట్టి పెంచలేదన్నమాట. ఎక్కువ ధర తీసుకునే అమ్మకందారు కనీసం ఈ ఒక్క పరీక్ష చేసి, తేడా వచ్చిన విత్తనపు విడతను పక్కన పెట్టవలసింది. అమిష్ పేస్ట్‌కు ఇలాంటి ఆకు గుర్తు లేదు. దాని ఆకు మామూలు ఆకే. కాయ వచ్చేదాకా వేచి చూడక తప్పదు. అదృష్టవశాత్తు కాయలన్నీ రకానికి తగినట్టే వచ్చాయి.

రెండు రకాల మధ్య తీర్పును నిర్ణయించింది మాత్రం కాలం. పెన్సిల్వేనియాలో టమాటా వేసవి పంట. మే నెలలో మంచు భయం పోయాక నాటి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మళ్లీ మంచు పడేలోగా ముగిస్తారు. లాంకాస్టర్ జూలై పగటి వేడీ, హైదరాబాద్ నవంబరు, డిసెంబరు నెలల పగటి వేడీ ఇంచుమించు ఒకటే, 28 నుంచి 30 డిగ్రీల దగ్గర. అందువల్ల వారి వేసవి పంటను మనం శీతకాలపు పంటగా మార్చుకోవాలి. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి వేడి 21, 22 డిగ్రీల కంటే దిగకపోయినా టమాటా పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. 30 డిగ్రీలు దాటి వేడి నిలిస్తే పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా సరిగా పట్టదు, పండు పసుపు, నారింజ రంగుల మధ్యే ఆగిపోతుంది. అమిష్ పేస్ట్ నాటిన 80, 85 రోజులకు పండుతుంది. ఆగస్టు ఆఖరులో నారు పోసి సెప్టెంబరు ఆఖరులో నాటితే డిసెంబరు రెండో సగం నుంచి కాయ అందుతుంది, ఎండ ముదిరేలోగా మంచి కాపు ముగుస్తుంది. బ్రాండీవైన్‌కు 90 నుంచి 100 రోజులు కావాలి, పైగా ఒక్కో గుత్తిలో నిలిచే పిందెలే తక్కువ. దానికి అసలు కాపు మొదలయ్యే సమయానికి మన సంక్రాంతి వెళ్లిపోయి, శివరాత్రి దగ్గర పడి, మిద్దెమీద గచ్చు కాలడం మొదలవుతుంది. నిలిచిన కొద్ది పండ్ల రుచి మాత్రం నిజంగా గొప్పది, తీపీ పులుపూ రెండూ నిండుగా ఉండి ఉప్పు చల్లుకుని పచ్చిగా తినాలనిపించేంత. కానీ ఇరవై లీటర్ల బకెట్, ఆరు నెలల నీళ్లు, ఎరువు ఖర్చు చేసి పిడికెడు పండ్లతో తృప్తి పడమని ఎవరికీ సలహా ఇవ్వలేను.

పెంపకంలో అమిష్ పేస్ట్ అడిగేది ప్రధానంగా ఊతం. అది ఆగకుండా పెరిగే తీగరకం. ఆరడుగుల వెదురు కర్ర పాతి, ఆకు మొదట్లో వచ్చే పక్క కొమ్మలను గిల్లుతూ, రెండు కొమ్మలకు మించకుండా కట్టాలి. తెల్లదోమ, దాని వెంట వచ్చే ఆకుముడత వైరస్ మన దగ్గర టమాటాకు మొదటి శత్రువులు, ఈ రకానికి వాటిని తట్టుకునే ప్రత్యేక శక్తి లేదు. నారు దశలో దోమతెర కింద పెంచడం, పసుపు జిగురు అట్టలు వేలాడదీయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల లెక్కన వేపనూనె పిచికారీ చేయడం ముందునుంచే చేయాలి. కోలగా ఉండే కాయలన్నిటిలాగే దీనికీ కాయ అడుగు నల్లబడి కుళ్లే జబ్బు ఎక్కువ. ఒకరోజు నీళ్లు మరిచి మర్నాడు ముంచెత్తితే కాల్షియం కాయ కొసకు చేరక ఈ జబ్బు వస్తుంది. మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, రోజూ ఒకే సమయంలో నీళ్లు పోస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇక వంటింటి సంగతి. పండు ఎద్దు గుండె ఆకారంలో, కొస సన్నగా, ఎర్రగా ఉంటుంది. పెద్ద పండు పావుకిలో దాకా తూగుతుంది. అడ్డంగా కోస్తే మన బజారు టమాటాలో కనిపించే నీళ్ల గదులు ఇందులో చిన్నవి, గోడలు మందం, గింజలు తక్కువ. పులుపు మన నాటు టమాటా కంటే తక్కువ, కనుక చారుకు ఇది ఒక్కటే చాలదు, చింతపండు తగలాల్సిందే. టమాటా పప్పులో కూడా నాటు కాయ పులుపే నాకు ఇష్టం. దీని ప్రతిభ చిక్కదనం కావలసిన చోట కనిపిస్తుంది. మన హైదరాబాదీ ఇళ్లలో వండే టమాటర్ కా కట్ అనే చిక్కటి టమాటా కూరకు ఇంతకన్నా తగిన కాయ నాకు తెలియదు. ఉడికించి జల్లెడ పట్టిన గుజ్జు దానంతట అదే చిక్కగా ఉంటుంది కాబట్టి వేయించిన శనగపిండి సగం వేస్తే సరిపోతుంది, పిండి రుచి పైకి తేలదు. రోటి పచ్చడికి మగ్గించేటప్పుడు నీరు ఇగిరే దాకా వేచి ఉండనక్కరలేదు. ఒరుగులకు కోసి ఎండబెడితే ముక్క పేలికలా పలచబడకుండా కండతో ఎండుతుంది. నిల్వ పచ్చడికి మాత్రం దీనితో పాటు మూడో వంతు నాటు కాయ కలిపితే పులుపు సరిపడుతుంది.

ఇప్పుడు గింజ దాచే పని. ఈ సమీక్షకు ఇదే కీలకం కనుక కొంచెం నిదానంగా చెబుతాను. టమాటా పువ్వులో పుప్పొడి తిత్తులు గొట్టంలా కలిసి, పుప్పొడిని అందుకునే కొస అయిన కీలాగ్రాన్ని చుట్టి ఉంటాయి, అందువల్ల పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే ఫలిస్తుంది. అయితే పాత రకాలు కొన్నిటిలో, ముఖ్యంగా పెద్ద పూలలో, కీలాగ్రం ఆ గొట్టం దాటి బయటికి వస్తుంది. పక్కన బీర, వంగ మొక్కలు ఉన్న మిద్దెతోటల్లో తుమ్మెదలు, తేనెటీగలు అన్ని పూలకూ తిరుగుతాయి, కనుక పరాగం కలిసే అవకాశాన్ని కొట్టిపారేయలేం. ధృవీకరణ విత్తనానికి రకాల మధ్య కనీసం 25 మీటర్ల ఎడం అడుగుతారు. మన మిద్దె పొడవే అంత ఉండదు. దీనికి చాలా చవకైన ఉపాయం ఉంది. పేరంటాలలో తాంబూలం పెట్టి ఇచ్చే పలుచని వలసంచులు ప్రతి ఇంటి బీరువాలోనూ పడి ఉంటాయి. మొగ్గలు విచ్చుకోకముందే గుత్తికి ఆ సంచి తొడిగి తాడు బిగించాలి, ఉదయం పూట కొమ్మను వేలితో రెండుసార్లు తట్టాలి. ఆ అదురుకే పుప్పొడి రాలుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక సంచి తీసేసి, ఆ గుత్తి కాడకు రంగుదారం కట్టాలి. కాపు మధ్యలో ఏ కాయ విత్తనానిదో గుర్తుపట్టేది ఆ దారంతోనే. దారం లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ఆ కాయనే కూరలో వేస్తారు.

కాయను కాక మొక్కను చూసి ఎంచుకోవాలి. ఒక్క పెద్ద కాయ కాసి మిగతా కాలమంతా ముడుచుకుపోయిన మొక్క గింజ కన్నా, చివరిదాకా ఆకు పచ్చగా నిలబడి మధ్యరకం కాయలు ఒకే తీరుగా కాసిన మొక్క గింజ మేలు. ఆకుముడత సోకిన మొక్క నుంచి గింజ తీయకూడదు. టమాటా తనతో తానే ఫలించే పంట కనుక ఒక్క మొక్క గింజతోనూ రకం నిలుస్తుంది, అయినా ఐదారు మొక్కల గింజ కలిపి దాచుకుంటే రకంలో ఉన్న చిన్న చిన్న తేడాలు పోకుండా ఉంటాయి. పండు చెట్టు మీదే పూర్తిగా ఎర్రబడి, నొక్కితే మెత్తగా లొంగేదాకా ఉంచాలి.

ఆ పండును అడ్డంగా కోసి, గింజతో ఉన్న జిగురును చెంచాతో గాజు గ్లాసులోకి తీసి, కొద్దిగా నీరు పోసి, పలుచని గుడ్డ కట్టాలి. మిగిలిన కండను పచ్చడికి వాడుకోవచ్చు, ఏదీ వృథా కాదు. గింజ చుట్టూ ఉన్న జిగురు పొర పండులోపలే గింజ మొలకెత్తకుండా ఆపుతుంది. అది పులిసి కరిగితేనే గింజ బయటపడుతుంది, గింజ వెంట వచ్చే కొన్ని తెగుళ్లు కూడా ఆ పులుపుకు నశిస్తాయి. చలి దేశాల్లో ఇందుకు మూడు నాలుగు రోజులు పడితే మన వాతావరణంలో రెండు రోజులు చాలు, ఎక్కువ ఉంచితే గింజ గ్లాసులోనే మొలకెత్తుతుంది. రెండోరోజుకు పైన తెల్లని బూజు పొర కడుతుంది, బుడగలు లేస్తాయి, వాసన ఘాటుగా ఉంటుంది. అప్పుడు నీళ్లు పోసి కలిపితే గట్టి గింజలు అడుగుకు చేరతాయి, తాలు గింజలూ పీచూ పైకి తేలతాయి. తేలినదాన్ని వంచేసి, మళ్లీ నీళ్లు పోసి, నీరు తేటగా వచ్చేదాకా కడిగి, టీ జల్లెడలో వడగట్టి, స్టీలు పళ్లెంలో పలుచగా పరవాలి. కాగితం మీద ఆరబెడితే అంటుకుపోతుంది. నేరుగా ఎండలో కాకుండా గాలి ఆడే నీడలో ఆరబెట్టి, రోజుకు రెండుసార్లు వేలితో కదుపుతూ ఉంటే గింజ గింజ విడివిడిగా, సన్నని నూగుతో, లేత బూడిదరంగులో ఎండుతుంది. చేతిలోకి తీసుకుంటే గలగలమనాలి.

నిల్వ దగ్గర మన నగరపు వానకాలం పెద్ద పరీక్ష. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ గింజను మెత్తబరుస్తుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందన్నది విత్తన శాస్త్రంలో ప్రసిద్ధమైన లెక్క. టమాటా గింజను 8 శాతం లోపు తేమతో ఉంచాలి. బిగుతు మూత ఉన్న చిన్న గాజుసీసాలో గింజల కాగితపు పొట్లంతో పాటు సిలికా జెల్ పొట్లమో, నూనె లేకుండా వేయించి చల్లార్చిన బియ్యం మూటో పెట్టి, రకం పేరు, సంవత్సరం రాసి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే నాలుగైదేళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. నారు పోసే ముందు పది గింజలను తడిగుడ్డలో చుట్టి మొలక చూసుకోవాలి. మా అమిష్ పేస్ట్ గింజ ఈ పరీక్షలో కొన్న ప్యాకెట్ కంటే మెరుగ్గా మొలిచింది, రెండో ఏడు కాయ ఆకారంలో, కండలో, రుచిలో మొదటి ఏడుకు ఏమీ తీసిపోలేదు. ఇంట్లో హైబ్రిడ్ కాయ గింజ వేసి చూసినవారికి ఈ తేడా విలువ తెలుస్తుంది: ఆ గింజ నుంచి వచ్చే మొక్కలు ఒక్కొక్కటి ఒక్కో దారి పడతాయి.

ఈ పని మనకు కొత్తది కాదు. ఎండిన బీరకాయను వాసానికి వేలాడదీసిన ఇళ్లు, కందులకు బూడిద పట్టించి కుండలో పోసిన ఇళ్లు మన పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల, పప్పుల విత్తనాలను బుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాచి, ఊరివారికి అప్పుగా ఇచ్చి తిరిగి కొలిపించుకునే పద్ధతిని దశాబ్దాలుగా నిలబెట్టాయి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారం దక్కింది. అమిష్ పెరటి గింజకు డబ్బు పెట్టేవారు ఈ గింజల విలువనూ అంతే తెలుసుకోవాలని నా కోరిక.

అందుకే ప్రత్యామ్నాయాల మాట కూడా చెప్పాలి. గింజ దాచుకోవడమే ముఖ్యమైతే, విదేశీ పేరు లేకపోయినా ఆ గుణమున్న రకాలు మన దగ్గర చవకగా దొరుకుతాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా వికాస్, ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా రూబీ రెండూ హైబ్రిడ్‌లు కావు, వాటి గింజ తల్లి లక్షణాలనే నిలుపుకుంటుంది, మన వేడిని అమిష్ పేస్ట్ కంటే బాగా ఓర్చుకుంటాయి. ఊళ్ల నుంచి రైతుబజారుకు వచ్చే గీతలు పడిన చిన్న నాటు టమాటా అయితే గింజ ఖర్చే లేదు, పండు కొనుక్కుంటే చాలు. పులుపు కావాలంటే అదే. కండ, చిక్కదనం, పెద్ద కాయ ఒకేచోట కావాలంటేనే అమిష్ పేస్ట్ వైపు వెళ్లాలి. చట్టపరంగా ఏ చిక్కూ లేదు; 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం గింజ దాచుకునే, తిరిగి విత్తుకునే, పంచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతుకు స్పష్టంగా ఇచ్చింది. పరిరక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ పేరుతో అమ్మడం ఒక్కటే కూడదంది.

ధర విషయం. ఇరవై గింజల ప్యాకెట్ వంద రూపాయలు దాటింది, గింజ లెక్కన చూస్తే ఇది మన బజారులో ఖరీదైన కూరగాయ విత్తనాల్లో ఒకటి. ఏటా కొనే వస్తువైతే ఈ ధరను సమర్థించలేను. ఒక్కసారి కొని గింజ తీసుకోగలవారికి సమర్థనీయమే, ఎందుకంటే రెండు మూడు విత్తనపు పండ్ల నుంచి మన అవసరానికి మించిన గింజ వస్తుంది, ఇరుగుపొరుగుకు కూడా ఇవ్వవచ్చు. దుకాణదారు మర్యాద, ప్యాకింగ్, గింజ మొలక మూడూ బాగున్నాయి. విత్తన సంవత్సరం, మొలక శాతం, పండించిన చోటు రాయకపోవడం, బ్రాండీవైన్‌లో కలిసిన గింజలు, లేని చరిత్రను అంటగట్టడం బాగాలేవు. ఈ అసంతృప్తినంతా వారికి నేరుగా చెప్పాను. కలిసిన గింజలకు బదులు వేరే ప్యాకెట్ ఇస్తామన్నారు. నేను బదులు ప్యాకెట్ కన్నా వివరాలు రాసిన లేబుల్ కోరాను.

మీరు కొనదలిస్తే ఆగస్టు మధ్యలోగా కొనండి, ఎందుకంటే నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాల్లోనో ఇంకెక్కడో జనవరిలో కనిపించే ప్యాకెట్ ఆ ఏడాదికి పనికిరాదు, అప్పుడు నాటితే పూత వచ్చేసరికి మార్చి ఎండలు మొదలవుతాయి. గింజ ఏ సంవత్సరానిదో, ఎక్కడ తీసినదో అడగండి, సమాధానం రాకపోతే వేరేచోట చూడండి. మొదటి ఏడు నాలుగు మొక్కలు చాలు. వాటిలో ఒక్కో మొక్క మీద రెండేసి గుత్తులకు మొదటి పూతలోనే సంచులు తొడగండి, జనవరి చివరి పూతకు ఆగితే ఎండ ముందొస్తుంది.